ఏది అసలు గొంగడి?

ధర్మపురిలో నరసింహస్వామి గుడి నుంచి గోదావరి మెట్ల దాకా ఉన్న దుకాణాల్లో పట్టు పంచె అడిగి చూడండి. స్నానం చేసి కట్టుకోవడానికి చవకలో కావాలంటే చేతికి వచ్చేది చాలాసార్లు పాలిస్టర్. అమ్మేవాడు అది అచ్చమైన పట్టని ఒట్టేమీ పెట్టడు. "పట్టు లెక్కనే ఉంటది సార్, ఎన్నిసార్లు పిండినా ఏం గాదు" అంటాడు. కొనేవాడికీ సంగతి తెలుసు, ఆ ధరకు పట్టు రాదని. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. అయినా నష్టం జరిగింది. పట్టు నేసే మనిషికి ఈ బేరంలో చోటే లేకుండా పోయింది.

సంప్రదాయ వస్త్రానికి ప్రామాణికత ఎలా నిర్ణయించాలన్న చర్చ మన దగ్గర మోసం దగ్గర మొదలై మోసం దగ్గరే ఆగిపోతుంది. నకిలీ చీర, నకిలీ ముద్ర, సూరత్ సరుకు, దాడులు, జరిమానాలు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చేతితో తయారయ్యేవాటిని వరసగా చూసుకుంటూ పోతే వ్యవహారం అంత తేలిక కాదని తెలుస్తుంది. మహాదేవపూర్ దసలి పట్టు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, నిర్మల్ బొమ్మ, ఓజుల డోక్రా, కురుమల గొంగడి. 'అసలు' అన్నది ఒకదానికి పదార్థంలో ఉంది, ఒకదానికి పనితనంలో, ఇంకోదానికి చేసే మనుషుల్లో. అన్నింటినీ ఒకే ముద్రతో కొలవబోయి మనం చాలాచోట్ల తప్పులో కాలేశాం. ఉన్న కొలతలు ఏం కొలుస్తున్నాయో, ఏం వదిలేస్తున్నాయో ముందు చూద్దాం.

అన్నిటికన్నా గట్టిగా కనబడేది 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం. కొన్ని రకాల బట్టను చేమగ్గం మీదే నేయాలని, మరమగ్గం మీద నేస్తే నేరమని చెప్పే చట్టమిది. మొదట్లో 22 రకాలను ఈ జాబితాలో పెట్టారు. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కడంతో ఏళ్ల తరబడి అమలు ఆగిపోయింది. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పునిచ్చింది. 1996కి జాబితా సగానికి, అంటే 11 రకాలకు తగ్గింది. చీర, ధోవతి, తువ్వాలు-అంగవస్త్రం, లుంగీ, దుప్పటి, జంపఖానా, శాలువా, కంబళి అందులో ఉన్నాయి. వాటిలోనూ అన్నీ కాదు. అంచు ఎంత వెడల్పు, జరీ ఉందా, అదనపు పడుగుతోనో పేకతోనో బుటా తీశారా అన్న వివరాలను బట్టి రక్షణ ఉంటుంది. సాదా ధోవతిని మరమగ్గం మీద ఎంతైనా నేసుకోవచ్చు.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఈ చట్టం మగ్గాన్ని పట్టుకుంటుంది, దుకాణాన్ని కాదు. తనిఖీ అధికారి వెళ్లాల్సింది మరమగ్గం షెడ్డుకి. ఇంకో రాష్ట్రంలో ఎక్కడో నేసి, లారీలో వచ్చి, ధర్మపురిలో వేలాడుతున్న బట్ట మీద దానికి పెద్దగా పట్టు లేదు. దొరికితే 1985 చట్టంలో రాసిన శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా మగ్గానికి 5,000 రూపాయల వరకు జరిమానా. నాలుగు రోజుల నేతలో రాబట్టుకునే సొమ్ము అది. రెండో మెలిక నిర్వచనంలో ఉంది. మరమగ్గం కానిదేదైనా చేమగ్గమే అని చట్టం తేల్చేసింది. అంటే చేనేత ఏమిటో చెప్పకుండా, ఏది కాదో మాత్రం చెప్పింది. 2012-13 ప్రాంతంలో కేంద్రం దీన్ని సవరించబోయింది. నేతలో కనీసం ఒక్క పనైనా మనిషి చేతితో, మనిషి బలంతో జరిగితే చాలు, ఆ మగ్గాన్నీ చేనేత కిందే లెక్కించవచ్చన్నది ప్రతిపాదన. తెగిన దారం ముడేయడం కూడా చేతి పనే కదా! ఆ లెక్కన దేశంలో మరమగ్గమన్నదే మిగలదు. చేనేత సంఘాలు గట్టిగా అడ్డం తిరగడంతో అది ముందుకు సాగలేదు.

ఆ 11 రకాల్లో శాలువా ఉందని చదివినప్పుడల్లా నాకు మన సభలు గుర్తొస్తాయి. తెలుగునాట ఒక్క పుస్తకం రాసిన మనిషి ఇంట్లోనైనా అరడజను సన్మాన శాలువాలు ఉంటాయి. వాటిలో ఎన్ని చేమగ్గం మీద నేసినవో కప్పిన నిర్వాహకుడికీ తెలియదు, కప్పించుకున్న రచయితకూ తెలియదు. చేనేత మీద ఉపన్యాసం ఇచ్చిన వక్తకు పాలిస్టర్ శాలువా కప్పడం మనకు చాలా మామూలు విషయం.

ఇక ముద్రలు. 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది, కేంద్ర పట్టు మండలి చొరవతో వచ్చింది. దారం సహజమైన పట్టేనని మాత్రమే అది హామీ ఇస్తుంది. మరమగ్గం మీద నేసిన పట్టుకీ ఆ ముద్ర వస్తుంది. 2006లో చేనేత ముద్ర వచ్చింది. అది చేమగ్గం మీద నేశారని చెబుతుంది, దారం సంగతి ఎత్తదు. 2015 ఆగస్టు 7న, తొలి జాతీయ చేనేత దినోత్సవం నాడు, ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ వచ్చింది. అది నాణ్యతను, రంగుల భద్రతను కూడా చూస్తానంటుంది. మూడు ముద్రలు, మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. బట్ట మీద ముద్ర ఒకటి కనిపిస్తే చాలు, కొనేవాడు ఆ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికిందనుకుంటాడు.

మహాదేవపూర్ దగ్గర ఈ తేడా కళ్లకు కడుతుంది. ధర్మపురి నుంచి గోదావరి వెంట దిగువకు పోతే చెన్నూరు, మహాదేవపూర్ అడవులు. అక్కడ మద్దిచెట్ల మీద దసలి పురుగును పెంచుతారు. మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల మీద పెరిగేది కాదు. చెట్టు మీదే తిని, చెట్టు మీదే గూడు కట్టుకుంటుంది. పిట్టల నుంచి, చీమల నుంచి దాన్ని కాచుకోవడానికి పెంపకందారు పొద్దంతా అడవిలోనే ఉండాలి. ఆ కాయ నుంచి వచ్చే దారం తేనెరంగులో, కాస్త గరుకుగా, మెరుపు తక్కువగా ఉంటుంది. మహాదేవపూర్ చీర విలువంతా ఆ దారంలోనే ఉంది. చైనా నుంచి వచ్చిన టస్సార్ దారంతో నేసినా సిల్క్ మార్క్ నియమానికి ఏ భంగమూ లేదు, అదీ పట్టే కాబట్టి. చేమగ్గం మీద నేస్తే చేనేత ముద్రకూ అభ్యంతరం లేదు. రెండు ముద్రలూ నిజమే చెప్పాయి. మద్దిచెట్టు కింద కాపలా కాసిన మనిషికి మాత్రం రూపాయి రాలేదు.

ఈ ఖాళీని పూరించేందుకు వచ్చిందనుకున్నది భౌగోళిక గుర్తింపు. 1999లో చట్టమై, 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. చేనేతలో తొలి గుర్తింపుల్లో ఒకటి మన పోచంపల్లి ఇక్కత్‌ది. ఉత్తర తెలంగాణకు వస్తే కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, నిర్మల్ బొమ్మలు, 2018లో ఆదిలాబాద్ డోక్రా ఆ గుర్తింపు పుస్తకంలోకి ఎక్కాయి. పక్కనే సిద్దిపేట గొల్లభామ చీర ఉంది. దుర్వినియోగానికి శిక్ష కాగితం మీద గట్టిదే: ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. కాకపోతే కేసు వేయాల్సింది ఎవరు? హక్కుదారుగా నమోదైన సంఘం ఒకటి ఉంటుంది, దాని కింద అధీకృత వినియోగదారులుగా ఒక్కో నేతగాడు విడిగా పేరు నమోదు చేసుకోవాలి. 2020లో ఆ రుసుమును 10 రూపాయలకు తగ్గించారు. రుసుము తగ్గితే దరఖాస్తులు పెరుగుతాయేమో. సూరత్‌లో అచ్చువేసిన ఇక్కత్ నమూనా మీద దావా వేయడానికి వకీలు ఫీజు మాత్రం తగ్గలేదు.

గుర్తింపు పుస్తకంలో వస్తువు గురించి రాసే తీరులోనూ తేడాలున్నాయి. ఫిలిగ్రీని చూడండి. వెండి తీగను చిల్లుల పలక గుండా లాగి లాగి సన్నబరుస్తారు. రెండు తీగలను కలిపి పురి పెట్టి, చదును చేసి, ఆకు ఆకారంలోనో పువ్వు ఆకారంలోనో చుట్టి, చట్రంలో కూర్చి అతుకుతారు. అసలుతనమంతా ఆ చుట్టడంలో ఉంది. అచ్చులో పోసి తీసిన నకలులోనూ వెండి వెండే. వెండి శుద్ధిని చెప్పే హాల్‌మార్క్ వల్ల అక్కడ ఫలితం లేదు. నిర్మల్ బొమ్మ దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ ప్రాణం పొనికి కర్రది. తేలికగా, మెత్తగా, ఉలికి లొంగేలా ఉంటుంది. అతుకులకు చింతగింజల జిగురు, రంపపు పొట్టు. రంగులేమో ఆకుల, రాళ్ల రంగుల నుంచి డబ్బాల్లో వచ్చే పెయింటుకు ఎప్పుడో మారిపోయాయి, ఎవరూ వాటిని నకిలీ అనలేదు. రంగు మారినా బొమ్మ నిర్మల్‌దే, కర్ర మారితే కాదు. ఈ గీతను గీసింది ఏ చట్టమూ కాదు, ఆ పని చేసే నకాషీలే. పొనికి చెట్టు అడవిలో దొరకడం కష్టమవుతున్న కొద్దీ ఆ గీత దగ్గర వాళ్లకు ఉక్కపోత మొదలైంది.

డోక్రా సంగతి మరోలా ఉంది. జైనూరు, కెరమెరి వైపు ఓజులు మైనంతో నమూనా చేసి, మట్టి పొదిగి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. వాళ్లు చేసే వస్తువులను ముందు కొనేది గోండులు, తమ దేవతల కోసం. ఆ వస్తువు సరైనదా కాదా అన్నది గోండు పూజారికి తెలుసు, చేసిన ఓజుకు తెలుసు. హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో కొనే మనిషి కోసం ముద్ర ఉండాలి, సరే. దేవుడి గదిలోకి వెళ్లే వస్తువును తేల్చే అధికారం మాత్రం ఏ రిజిస్ట్రీకీ ఇవ్వనక్కర్లేదు. రెండూ కలిపేస్తే, కొన్నేళ్లకు గోండులు తమ దేవతకు ఏది తగునో తెలుసుకోవడానికి ధ్రువపత్రం చూడాల్సి వస్తుంది.

ఇప్పుడు గొంగడి దగ్గరికి వద్దాం. దీనిమీద ఎక్కువసేపు నిలవాలి. వీటన్నిటిలోని చిక్కులూ ఒకేచోట పోగుపడింది గొంగడిలోనే.

గొంగడి కట్టుకునేది కాదు, కప్పుకునేది. చలికాలం దుప్పటి, వానాకాలం గొడుగు, ఎండలో పరుపు, మంద దగ్గర పడక. మధ్యకు మడిచి కొప్పెర వేసుకుంటే తల, వీపు, నడుము అన్నీ కప్పుకుపోతాయి. సన్నటి జల్లు పైనుంచి జారిపోతుంది. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు, నేతకు ముందు పడుగుకు పట్టించే చింతగింజల గంజి కలిసి చేసే పని అది. ఓదెల మల్లన్న దగ్గరో, ఊరి బీరప్ప దగ్గరో కొలుపు జరిగినప్పుడు గొంగడి పరవాలి. కురుమల పెళ్లిలో గొంగడి ఉండాలి. మడికి ఉన్ని మంచిదని ధావళి కట్టుకునే పద్ధతి పట్టణాల ఇళ్లలోనూ నిన్నమొన్నటి దాకా ఉంది. ఇంత పని చేసే వస్త్రం తెలంగాణలో ఇంకోటి లేదు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది గొల్లకురుమల సభల్లో నాయకుడి భుజాన. చేతిలో కర్ర, సంకలో గొర్రెపిల్ల, భుజాన గొంగడి, ఎదురుగా కెమెరా. ఆ భుజాన ఉన్నది ఉన్నిదేనా అని ఎవరూ పట్టి చూడరు.

పట్టి చూస్తే తేల్చడం కష్టమేమీ కాదు, కనీసం మొదటి మెట్టు దాకా. ఒక పోగు పీకి అగ్గిపుల్ల అంటించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పట్టుకూ ఇదే పరీక్ష. అక్రిలిక్, పాలిస్టర్ అయితే కరిగి, నల్ల పొగ వచ్చి, చివర గట్టి పూస మిగులుతుంది. పానిపట్ నుంచి వచ్చే కంబళ్లలో పాత ఉన్ని బట్టలు చింపి మళ్లీ వడికినవి ఉంటాయి, అక్రిలిక్ కలిపినవి ఉంటాయి. శీతాకాలం రాగానే వ్యాన్లలో రోడ్డు పక్కకు వచ్చే మెత్తటి దుప్పట్లు పూర్తిగా పాలిస్టర్. అవి మెత్తగా ఉంటాయి, రంగురంగులుగా ఉంటాయి, చవక. గొంగడి గుచ్చుకుంటుంది, బరువు, ధర ఎక్కువ. ఈ పోటీలో గొంగడి ఓడిపోవడానికి నకిలీ అవసరమే లేదు.

రెండో మెట్టు దగ్గర నుంచి అగ్గిపుల్ల పనికిరాదు. ఉన్ని ఏ గొర్రెది? గొంగడికి ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. నల్లగా, పొట్టిగా, ఎండకు ఓర్చుకుని మైళ్ల కొద్దీ నడిచే జాతి. దాని ఉన్ని ముతక, నలుపు, ముదురు గోధుమ, బూడిద రంగుల్లో సహజంగానే వస్తుంది. అందుకే గొంగడికి రంగు అద్దాల్సిన పని లేదు. నెల్లూరు జాతి వేరు. ఎత్తుగా పెరుగుతుంది, మాంసం ఎక్కువ పడుతుంది, ఒంటి మీద ఉండేది ఉన్ని కాదు, పొట్టి వెంట్రుక. మాంసానికి గిరాకీ, ఉన్నికి బేరం లేకపోవడం, ఈ రెండూ కలిసి రావడంతో కాపరులు దక్కనీ మందలో నెల్లూరు పొట్టేలును విడిచారు. రెండు మూడు తరాల్లో ఉన్ని పోతుంది. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో కుటుంబానికి 20 గొర్రెలు, 1 పొట్టేలు ఇచ్చారు. పొరుగు రాష్ట్రాల నుంచి గొర్రెలను కొని తెచ్చిన ఆ పథకం చూపు మాంసం మీదే ఉంది, ఉన్ని మీద కాదు. పశుసంవర్ధక శాఖ తన లెక్కలో తను సరిగ్గానే నడిచింది. చేనేత శాఖ మగ్గాన్ని చూస్తుంది, ఉన్ని అభివృద్ధికి కేంద్రానికి జోధ్‌పూర్‌లో ఓ మండలి ఉంది, గొర్రె ఇంకో శాఖ కింద ఉంది. గొంగడి మొత్తంగా ఎవరి బల్ల మీదికీ రాదు.

మూడో మెట్టు వడకడం. ఉన్ని కత్తిరించి, ఏకి, రాట్నం మీద దారం తీసేది ఇంట్లో ఆడవాళ్లు, అందులోనూ పెద్దవయసువాళ్లు. నేసేది ఎక్కువగా మగవాళ్లు, గుంట మగ్గం మీద. ఒక గొంగడికి పట్టే శ్రమలో నేతకన్నా దారం తీసే పాలే పెద్దది. ముద్రలన్నీ మగ్గం చుట్టూ తిరుగుతాయి కాబట్టి ఈ పెద్ద పాలు ఎవరి లెక్కలోకీ రాదు. మిల్లు దారం తెచ్చి గుంట మగ్గం మీద నేస్తే చేనేత ముద్రకు అది నిక్కమైన చేనేతే. చేత్తో వడికిన దారం ఎగుడుదిగుడుగా ఉంటుంది, దాన్ని చూసి గుర్తుపట్టవచ్చు అంటారు. మిల్లులు అదే ఎగుడుదిగుడును కావాలని పుట్టించగలవు. అంచున సూది గుంటలు చూసి చేనేత అని తేల్చే పద్ధతి కూడా ఇంతే. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు తగ్గకుండా సాగదీసి పట్టే బద్ద సూదులు గుంటలు వేస్తాయన్నది నిజం, కానీ మరమగ్గానికీ అలాంటి పళ్ల చక్రాలు ఉంటాయి. సరుకును చూసి తయారీని ఊహించే పరీక్షలన్నిటికీ ఇలాంటి హద్దులున్నాయి. తయారీని తయారయ్యే చోటే చూడాలి. తెలంగాణలో చేమగ్గాలకు జియోట్యాగ్ నంబర్లు వేసిన పని ఇందుకు అక్కరకొస్తుంది, దాన్ని రాట్నం దాకా, మంద దాకా పొడిగించగలిగితే.

బయట దీన్ని ఎలా చేశారో చూడడానికి స్కాట్లాండ్ మంచి చోటు. అక్కడి మగవాళ్లు నడుముకు చుట్టుకునే గళ్ల ఉన్ని వస్త్రం కిల్ట్. దాని చరిత్ర మన పరంపర వాదాలకు ఒక హెచ్చరిక లాంటిది. 1746లో బ్రిటిష్ ప్రభుత్వం పర్వత ప్రాంతపు వేషాన్ని నిషేధించింది, 1782లో ఎత్తేసింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ పెట్టించిన వేడుకతో అది జాతి చిహ్నమై కూర్చుంది. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల నమూనా అన్న పట్టిక చాలావరకు ఆ తర్వాతిదే. 1842లో ప్రాచీన ప్రతి అంటూ అచ్చువేసిన ఒక నమూనాల పుస్తకం కల్పితమని తేలింది. కురచ కిల్ట్‌ను 1720ల్లో కనిపెట్టింది ఒక ఇంగ్లిష్ ఇనుప కొలిమి యజమాని అన్న వాదన మీద స్కాట్లాండ్‌లో ఇప్పటికీ తగవులాడుకుంటారు. 2009లో అక్కడి ప్రభుత్వం గళ్ల నమూనాల అధికారిక రిజిస్టరు తెరిచింది. అది నమూనాను నమోదు చేస్తుంది, ఎవరు నేశారు, ఎవరు కుట్టారు అన్నది దాని పని కాదు. అందుకే పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో కుట్టిన చవక కిల్టులు ఎడిన్‌బరో వీధిలో ధర్మపురి పంచెల్లాగే అమ్ముడుపోతాయి.

అదే దేశంలో హారిస్ ట్వీడ్ కథ వేరు. పడమటి దీవుల్లో నేసే ఉన్ని బట్ట అది. గోళం, శిలువ ఉన్న ముద్ర 1910లో నమోదైంది, 1993లో బ్రిటిష్ పార్లమెంటు దానికోసం విడిగా చట్టం చేసింది. ఎంత పాతదన్న ప్రసక్తి అందులో లేదు. ఇదివరకు వాడని కొత్త ఉన్ని కావాలి, దీవుల్లోనే రంగద్ది వడకాలి, దీవివాసి తన ఇంట్లో చేత్తో నేయాలి, దీవుల్లోనే చివరి మెరుగులు దిద్దాలి. తనిఖీ చేసినవాడు బట్ట మీదే ముద్ర కొడతాడు. ఇందులో మనం చూడాల్సిన మలుపు 1934లో ఉంది. అప్పటిదాకా దారం కూడా చేత్తో వడకాలన్నది నియమం. ఆ ఏడు మిల్లు దారాన్ని ఒప్పుకున్నారు. ఉత్పత్తి బాగా పెరిగింది, దీవుల నేతగాళ్లు బతికారు, చేత్తో వడికే ఆడవాళ్ల పని పోయింది. తర్వాత కాలితో తొక్కే వెడల్పు మగ్గాలనూ ఒప్పుకున్నారు, విద్యుత్తును మాత్రం ఒప్పుకోలేదు. అంటే గట్టి ప్రమాణం కూడా కదులుతుంది. ఎటు కదిలిందో, దానికి ఎవరు మూల్యం చెల్లించారో చూసుకోవాలి.

నా ఉద్దేశంలో మనవాళ్లు పట్టుకోవాల్సింది ఇదే. పాతదనాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఏదో ఒకరోజు చరిత్రకారుడి చేతిలో ఓడిపోతాం. పోచంపల్లిలో పట్టు నేయడం మొదలై వందేళ్లు కాలేదు. దానికి ముందు ఆ చుట్టుపక్కల నేసింది అరబ్బు దేశాలకు పోయే తేలియా రుమాళ్లు. అంతమాత్రాన పోచంపల్లి పట్టు తక్కువదై పోదు. గొంగడిని వేల ఏళ్ల నాటిదని చాటుకునే బదులు, ఏ ఉన్ని, ఎవరు వడికారు, ఏ మగ్గం మీద నేశారు, పడుగుకు ఏం పట్టించారు అని చెప్పుకుంటే ఎవరూ కాదనలేరు.

ఇక్కడ సిరిసిల్ల మాట ఎత్తకుండా పోవడం న్యాయం కాదు. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరలు ఏటా కోటి వరకు అక్కడి మరమగ్గాల మీద నేయించారు. తొలి ఏడాది కొంత సరుకు సూరత్ నుంచి వచ్చి, నాసిగా ఉందని ఆడవాళ్లు రోడ్డెక్కారు కూడా. చేనేత పక్షాన మాట్లాడేవాళ్లు కొందరు సిరిసిల్లను నకిలీల ఊరన్నట్టు మాట్లాడతారు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కార్మికుల ఊరది. మరమగ్గం ముందు పన్నెండు గంటలు నిలబడేవాడు చేనేత కార్మికుడికి శత్రువు కాడు, అతని అన్నదమ్ముడే, చాలాసార్లు నిజంగానే. పైగా చేమగ్గం మీద అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుదీ అదే ఊరు, జీ20 చిహ్నాన్ని నేసి 2022లో ప్రధాని రేడియో ప్రసంగంలోకి ఎక్కిన వెల్ది హరిప్రసాద్‌దీ అదే ఊరు. ప్రమాణం వల్ల జరగాల్సింది సిరిసిల్ల చీర మీద 'సిరిసిల్ల మరమగ్గం' అని గర్వంగా రాసుకోగలగడం. రెండు పేర్లూ విడివిడిగా నిలిస్తేనే రెండింటికీ ధర వస్తుంది.

కులం సంగతి మరింత సున్నితం. కురుమలు కానివాళ్లు నేస్తే గొంగడి కాదా? భౌగోళిక గుర్తింపు చట్టం ప్రాంతాన్ని చూస్తుంది, పుట్టుకను కాదు, అలాగే ఉండాలి కూడా. కొలుపులో పరిచే గొంగడి విషయంలో కురుమల పెద్దలకు వేరే నియమాలుంటే అది వాళ్ల ఇంటి వ్యవహారం. బజారు ముద్ర దానిలో తల దూర్చకూడదు. నియమాలు రాసే బల్ల దగ్గర మాత్రం ముందు కూర్చోవాల్సింది వాళ్లే, మగ్గం దగ్గరి మగవాళ్లతోపాటు రాట్నం దగ్గరి ఆడవాళ్లూ. ఇప్పటిదాకా ఇలాంటి దరఖాస్తులు నగరంలో తయారై, ఊళ్లో సంతకాలు పెట్టించుకుని వెళ్లడమే పద్ధతిగా ఉంది.

ఆ బల్ల దగ్గర నన్నడిగితే రెండు తరగతులు పెట్టమంటాను. దక్కనీ ఉన్ని, చేత్తో వడికిన దారం, గుంట మగ్గం, చింతగింజల గంజి, ఇది మొదటిది. అదే ఉన్ని, మిల్లు దారం, చేమగ్గం, రెండోది. రెండింటి పేర్లూ వేరు, ధరలూ వేరు. ఉన్ని ఏకడానికి యంత్రం వాడితే అభ్యంతరం పెట్టొద్దు. దుమ్ములో కూర్చుని ఊపిరితిత్తులు పాడుచేసుకోవడంలో సంప్రదాయమేమీ లేదు. ఇంతకుమించి నియమాలు పెంచుతూ పోతే గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్టే అవుతుంది. ఏరుతూనే ఉంటాం, కడుపు నిండదు.

కొనేవాళ్లెవరన్నది మిగిలింది. ధర్మపురిలో ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు, కల్యాణానికి పట్టువస్త్రాలు వస్తాయి. ఏడాది పొడుగునా గుళ్లలో శేషవస్త్రాలు, కండువాలు కప్పుతుంటారు. 2027లో గోదావరి పుష్కరాలు. ఒక్క దేవాదాయ శాఖ తాను కొనే బట్టకు మగ్గం నంబరు అడిగితే, ఆ మర్నాటి నుంచే ఈ ప్రమాణాలకు పని మొదలవుతుంది. ప్రైవేటు దుకాణదారును బెదిరించడం కన్నా ఇది తేలిక.

గొంగడి విషయంలో అదీ చాలదు. దక్కనీ గొర్రెకు ఏటా ఉన్ని కత్తిరించక తప్పదు, లేకపోతే దానికి ఎండదెబ్బ, రోగం. ఒకప్పుడు ఆ ఉన్నికి కాపరికి డబ్బు ముట్టేది. ఇప్పుడు కత్తిరింపు కూలి అతనే ఎదురిచ్చుకుంటున్నాడు, కొనేవాడు లేక ఉన్నిని చెలక గట్టు మీద పారేసి మందను తోలుకుపోతున్నాడు. నెల్లూరు పొట్టేలు మీద అతనికి మనసు పోయింది అక్కడే. కాబట్టి నియమాల పత్రంలో మొదటి వాక్యం మగ్గం గురించి ఉండొద్దు. కిలో నల్ల ఉన్నికి ఎంత ఇస్తారు, ఏ నెలలో కొంటారు, ఏ ఊళ్లో తూకం వేస్తారు అన్నది ముందు రాయాలి. దాని కింద ఎవరి సంతకం ఉంటుందో తేలాక మిగతా నియమాల మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు.